ఎర్ర దీపం మిణుకుతోందంటే బ్యాటరీ పోయినట్టేనా?

పాఠకుల ప్రశ్నలు: ఈసారి ఎమర్జెన్సీ లైట్లు

కరెంటు పోగానే మెట్లదారిలో, కారిడార్లలో వెలిగే ఎమర్జెన్సీ లైట్లలో ఒక రకం తనను తానే పరీక్షించుకుంటుంది. తేడా కనిపిస్తే చిన్న దీపంతో చెబుతుంది. ఆ దీపం ఏం చెబుతోందో అర్థం కాక విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఇవీ జవాబులు.

ప్రశ్న: మాది అయిదంతస్తుల అపార్టుమెంటు. మెట్లదారిలో 14 ఎమర్జెన్సీ లైట్లున్నాయి. ఒక్కోదానికి కందిగింజంత దీపం ఉంది. తొమ్మిదింటికి ఆకుపచ్చగా వెలుగుతోంది. రెండింటికి ఎర్రగా నిలకడగా ఉంది, రెండింటికి ఎర్రగా మెల్లగా కొట్టుకుంటోంది, ఒకదానికి ఎర్రగా గబగబా కొట్టుకుంటోంది. వాచ్‌మన్‌ని అడిగితే ‘అవెప్పుడూ అంతేనండీ’ అంటాడు. ఎలక్ట్రీషియన్ అయిదూ మార్చేయాలంటున్నాడు. నిజమేనా?
- సంఘం కార్యదర్శి, పటమట, విజయవాడ

జవాబు: అక్కర్లేదండి. ఎర్రగా ఉన్న అయిదింటికీ ఒకటే జబ్బు కాదు. చాలా కంపెనీల యూనిట్లలో గుర్తులు ఇలా ఉంటాయి. ఆకుపచ్చ నిలకడగా ఉంటే చివరిసారి చేసిన పరీక్షలో పాసైంది. ఆకుపచ్చ గబగబా కొట్టుకుంటే చిన్న పరీక్ష, సెకను వెలిగి సెకను ఆరుతుంటే పూర్తి పరీక్ష నడుస్తున్నట్టు. ఎరుపు నిలకడగా ఉంటే ఎల్‌ఈడీ వైపు లోపం. ఎరుపు మెల్లగా కొట్టుకుంటే బ్యాటరీ ఉండాల్సినంతసేపు నిలవలేదు. ఎరుపు గబగబా కొట్టుకుంటే చార్జింగ్ ఎక్కడం లేదు. రెండు రంగులూ లేకపోతే యూనిట్‌కు కరెంటు అందడం లేదన్నమాట. మీ కంపెనీ గుర్తులు వేరుగా ఉండొచ్చు కాబట్టి మూత లోపల అంటించిన స్టిక్కర్ ఒకసారి చూడండి.

గబగబా కొట్టుకునేదానితో మొదలుపెట్టండి, అందులో తరచూ ఖర్చే ఉండదు. ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే బ్రేకర్) దించి, టెస్టర్‌తో చూసి, మూత తీయండి. బ్యాటరీ వైరు చివర ఉండే చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ సగం ఊడి ఉండటం మామూలు. దాన్ని పీకి, పిన్నులకు తుప్పు లేదని చూసుకుని గట్టిగా నొక్కండి. అయినా తగ్గకపోతే కరెంటు ఇచ్చి మల్టీమీటర్ పెట్టండి. మూత తీసిన యూనిట్లో 230 వోల్టులుంటాయి కనుక ఈ పని ఎలక్ట్రీషియన్‌దే. 4.8 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్‌లో నాలుగు సెల్లుంటాయి. నిండిన ప్యాక్ చార్జింగ్‌లో ఉండగా సెల్‌కు 1.4 పైచిలుకు చొప్పున 5.6 నుంచి 5.8 వోల్టులు చూపాలి. ఎన్ని గంటలైనా 4.2 దగ్గరే ఆగిపోయిందంటే ఒక సెల్ లోపల షార్టయింది, ప్యాక్ మార్చాల్సిందే. అసలు వోల్టేజీ కదలకపోతే చార్జర్ బోర్డును అనుమానించాలి.

మెల్లగా కొట్టుకునే రెండింటికి బ్యాటరీలు మార్చండి. నిలకడగా ఎర్రగా ఉన్న రెండింటిలో ముందు ఎల్‌ఈడీ స్ట్రిప్ కనెక్టర్ చూడండి. ఎల్‌ఈడీలు వరసగా కలిపి ఉంటాయి, ఒక్కటి తెగితే ఆ వరస మొత్తం ఆరిపోతుంది. తెగినదాన్ని వైరు ముక్కతో దాటించి వెలిగించే ‘రిపేరు’ మాత్రం చేయనివ్వకండి. యూనిట్ కొలిచే వోల్టేజీ, మిగతా ఎల్‌ఈడీల మీద పడే భారం రెండూ మారిపోతాయి.

రిపేరు చేసిన వెంటనే ఎరుపు పోవాలని లేదు. చాలా యూనిట్లు లోపాన్ని జ్ఞాపకం పెట్టుకుని, మళ్లీ పరీక్షలో పాసయ్యేదాకా ఎర్రగానే ఉంటాయి. ఎల్‌ఈడీ మార్చితే టెస్టు బటన్ నొక్కి చిన్న పరీక్ష పెడితే చాలు. బ్యాటరీ మార్చితే 24 గంటలు ఆపకుండా చార్జింగ్ ఎక్కనిచ్చి పూర్తి పరీక్ష పెట్టాలి. ఇది తెలియక కొత్త బ్యాటరీ వేసినా ఎరుపు పోలేదని యూనిట్‌నే పారేసేవాళ్లు బోలెడుమంది. కొత్త ప్యాక్ మీద వేసిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాయించండి.

ప్రశ్న: మా నర్సింగ్ హోమ్ కారిడార్లలో ఇలాంటివే పెట్టించాం. బ్యాటరీ నాలుగేళ్లు వస్తుందన్నారు. ఏడాది తిరక్కుండానే ఎర్రగా మెల్లగా కొట్టుకోవడం మొదలైంది. ప్యాక్‌లు మార్చాం, మళ్లీ అదే కథ. కంపెనీవాళ్లు వైరింగ్ తప్పంటారు, వైరింగ్ చేసినాయన కంపెనీ తప్పంటాడు. ఎవరి మాట నమ్మాలి?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి కంపెనీవాళ్ల మాటే నిజం కావచ్చు. తేల్చుకోవడం తేలిక. రాత్రి కారిడార్ లైట్లు స్విచ్ దగ్గర ఆపేశాక ఈ ఎమర్జెన్సీ లైట్లు వెలుగుతున్నాయా? వెలుగుతుంటే తప్పు వైరింగ్‌దే. సిబ్బంది దాన్ని నైట్ ల్యాంపు అనుకుని మురిసిపోతుంటారు గానీ, లోపల బ్యాటరీ ప్రతి రాత్రీ అడుగంటుతోంది.

ఈ యూనిట్‌కు స్విచ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండే ఫేజు ఒకటి కావాలి. బ్యాటరీ చార్జింగ్, కరెంటు ఉందో పోయిందో కనిపెట్టడం రెండూ దాని మీదే నడుస్తాయి. మామూలు లైటులాగా కూడా వాడుకునే రకమైతే స్విచ్ నుంచి వచ్చే రెండో ఫేజు విడిగా ఉంటుంది. పాత ట్యూబ్‌లైటు తీసిన చోట కొత్త యూనిట్ బిగించేటప్పుడు అక్కడ దొరికేది స్విచ్ ఫేజు, న్యూట్రల్ మాత్రమే. మూడో వైరు లాగాలంటే పైపులో మళ్లీ పని. అందుకని ఉన్న ఫేజునే రెండు టెర్మినళ్లకూ లింకు చేసి చేతులు దులుపుకుంటారు. అప్పుడు స్విచ్ ఆపడం, ఊరంతా కరెంటు పోవడం యూనిట్‌కు ఒక్కటే. బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా వెలుగుతుంది. పొద్దున స్విచ్ వేశాక నిండుగా ఎక్కడానికి 24 గంటలు కావాలి, దొరికేవేమో పద్నాలుగో పదిహేనో. ఎప్పుడో ఒకసారి వాడే లెక్కన చేసిన సెల్లు ఏడాదికి 365 సార్లు ఖాళీ అయితే నాలుగేళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

పరీక్ష ఇలా చేయించండి. కారిడార్ స్విచ్ ఆపి, ఎంసీబీ వేసి ఉంచి, యూనిట్ దగ్గర శాశ్వత ఫేజు టెర్మినల్‌కూ న్యూట్రల్‌కూ మధ్య కొలవండి. 230కి అటూ ఇటూ ఉండాలి. సున్నా ఉంటే జబ్బు దొరికినట్టే. కొత్త వైరు లాగేటప్పుడు మూడు జాగ్రత్తలు. శాశ్వత ఫేజు, స్విచ్ ఫేజు రెండూ ఒకే ఫేజువి కావాలి, త్రీఫేజు భవనంలో వేర్వేరు ఫేజులు కలిస్తే రెండు టెర్మినళ్ల మధ్య 400 పైగా వోల్టులు కూర్చుంటాయి. న్యూట్రల్ కూడా ఆ సర్క్యూట్‌దే తీసుకోవాలి. పాత లింకు ముక్క తీసేయడం మరవకూడదు.

ఇంకో మాట. ఆ శాశ్వత ఫేజు ఆ కారిడార్ లైట్ల ఎంసీబీ నుంచే రావాలి. ‘ఎప్పుడూ ఉంటుంది కదా’ అని యూపీఎస్ లైను నుంచి ఇస్తే, కారిడార్ ఎంసీబీ ట్రిప్పయి చీకటి పడినా యూనిట్‌కు తెలియదు, వెలగదు. జనరేటర్ లైను మీద ఉండటం ఫర్వాలేదు. జనరేటర్ అందుకునేలోగా కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుంది, బ్యాటరీకి అది లెక్కలోది కాదు.

వైరింగ్ సరిగానే ఉందని తేలితే రెండో అనుమానితుడు ఎండ. యూనిట్‌లో నికెల్ కాడ్మియం సెల్ పైతొడుగు 50 డిగ్రీలు దాటకూడదన్న లెక్క మీదే ఆ నాలుగేళ్ల మాట చెబుతారు. మే నెలలో గుంటూరులో బయటే 44, 45 ఉంటుంది. స్లాబుకూ ఫాల్స్ సీలింగ్‌కూ మధ్య, ఏసీ గాలి అందని చోట, చార్జింగ్ వేడి కూడా తోడైతే సెల్ 55 దాటడం వింత కాదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడుతుందన్నది బ్యాటరీల దగ్గర ఉజ్జాయింపు లెక్క. పై అంతస్తు యూనిట్లే ముందు పోతున్నాయా చూడండి. అదే నిజమైతే బ్యాటరీ పెట్టెను సీలింగ్ పైనుంచి గోడ మీదికి దింపే మోడల్ తీసుకోండి.

వోల్టేజీ పడిపోవడం కూడా ఒక కారణం, అప్పుడూ ఇవి బ్యాటరీ మీదే వెలుగుతాయి. ఎమర్జెన్సీ లైట్ల ప్రమాణం ప్రకారం ఈ యూనిట్లు సరఫరా వోల్టేజీ 85 శాతానికీ 60 శాతానికీ మధ్య ఎక్కడో కరెంటు పోయినట్టు భావించి బ్యాటరీకి మారాలి. అంటే 195 వోల్టుల కింద మారే యూనిట్లుండొచ్చు, 138 దాకా ఆగేవీ ఉండొచ్చు. ఎండాకాలం సాయంత్రాలు లైను 190కి జారే చోట కొన్ని వెలిగి కొన్ని వెలగకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: బట్టల షాపు మాది. మొన్న మిట్టమధ్యాహ్నం, కరెంటు ఉండగానే, ఎమర్జెన్సీ లైట్లలో సగం వాటంతటవే వెలిగి చాలాసేపు ఉన్నాయి. కస్టమర్లు కంగారుపడ్డారు. ఈ ఆటోమేటిక్ పరీక్ష ఆపేసుకోవచ్చా?
- బీసెంట్ రోడ్డు, విజయవాడ

జవాబు: ఆపొద్దు, వేళ మార్చుకోండి. అది పూర్తి పరీక్ష. ఆటోమేటిక్ పరీక్షలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62034 ప్రకారం కనీసం నెలకోసారి చిన్న పరీక్ష, ఏడాదికోసారి పూర్తి పరీక్ష జరగాలి. చిన్నదానికి చాలా యూనిట్లలో 30 సెకన్లు పడుతుంది. యూనిట్ తనలో తానే మెయిన్స్ పక్కనపెట్టి, బ్యాటరీ మీద లైటు వెలిగించి, ఎల్‌ఈడీ తీసుకునే కరెంటునూ బ్యాటరీ వోల్టేజీనీ కొలుస్తుంది. పూర్తి పరీక్షలో రాసి ఉన్న వ్యవధి అంతా వెలిగి చూపాలి. మధ్యలోనే సెల్ వోల్టేజీ ఇక వాడకూడనంత కిందికి పడిపోతే బ్యాటరీ లోపమని ఎరుపు వేస్తుంది.

సగమే వెలగడం తప్పు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. పక్కపక్క యూనిట్లు ఒకేసారి పరీక్షకు పోతే, ఆ తరవాత నిజంగా కరెంటు పోతే అంతా చీకటే. అందుకే ఒకటి విడిచి ఒకటి వేరే రోజు పరీక్షకు వెళ్లాలి. అదే కారణానికి పూర్తి పరీక్షను మీ వారాంతపు సెలవుకు ముందు రాత్రి, షాపు కట్టేశాక పెట్టుకోండి. తెల్లవారి జనం రారు, 24 గంటల చార్జింగ్‌కు వ్యవధి దొరుకుతుంది. వేళ మార్చే పద్ధతి కంపెనీకో రకం. కొన్నింటిలో మీకు కావాల్సిన వేళకు టెస్టు బటన్ నొక్కి పట్టుకుంటే అక్కణ్ణుంచే గడియారం లెక్క మొదలవుతుంది, కొన్నింటికి రిమోట్ ఉంటుంది.

మీరు అడగనిది ఒకటి మేమే అడుగుతాం. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ దించేసి వెళ్తున్నారా? షాపుల్లో అది మంచి అలవాటే, కానీ ఈ లైట్లకు చావుదెబ్బ. షట్టర్ వెనకాల రోజూ అవి వెలిగి, వెలిగి, ఖాళీ అయిపోతాయి. పొద్దున మీరొచ్చేసరికి ఆరిపోయి ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. మెయిన్‌కు ముందు నుంచి లైటింగ్ సర్క్యూట్‌ను వేరు చేసి రాత్రి కూడా ఉంచండి, లేదా కరెంటు దించాక బ్యాటరీని నిద్రపుచ్చే సౌకర్యం ఉన్న యూనిట్లు తీసుకోండి.

ప్రశ్న: కంపెనీ బ్యాటరీ ప్యాక్ ధర ఎక్కువ. అదే వోల్టేజీది బయట సగానికే వస్తోంది. వేయొచ్చా? మా భవనానికి గంటన్నర వెలిగితే చాలంటున్నారు, నిజమేనా?
- భవానీపురం, విజయవాడ

జవాబు: గంటన్నర మాట నిజమే. జాతీయ భవన నియమావళి 2016 నాలుగో భాగం, ఎంత చిన్న భవనమైనా ఎమర్జెన్సీ లైటింగ్ కనీసం గంటా ముప్పై నిమిషాలు నిలవాలంటుంది. మీ యూనిట్ మీద 3 గంటలు అని రాసి ఉంటే మాత్రం అది తన పరీక్షను 3 గంటలకే చేస్తుంది, గంటన్నరకు సరిపోయే ప్యాక్ వేస్తే ఎరుపు తప్పదు.

లెక్క చూడండి. 2 వాట్ల ఎల్‌ఈడీ, డ్రైవర్‌లో నష్టం కలుపుకుని బ్యాటరీ నుంచి సుమారు 2.2 వాట్లు లాగుతుంది. 3 గంటలకు 6.6 వాట్-అవర్లు. 6.4 వోల్టులు, 1.5 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లో 9.6 ఉంటాయి. ఏళ్లు గడిచి 70 శాతానికి దిగినా 6.7 మిగులుతాయి, బొటాబొటిగా పాసవుతుంది. బయటి ప్యాక్ మీద 1.5 అని రాసి, లోపల 1.1 ఉంటే కొత్తదే 7 వాట్-అవర్లు. మొదటి ఏడాది పాసై రెండో ఏడాది ఫెయిలవుతుంది. సగం ధర మిగిల్చేది అంతే. సరిగ్గా కొలిచి ఇచ్చే షాపైతే తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

కెమిస్ట్రీ, అంటే నికెల్ కాడ్మియమా లిథియమా అన్న బ్యాటరీ రకం, మాత్రం మార్చనే మార్చకండి. నికెల్ కాడ్మియం చార్జర్ నిండిన తరవాత కూడా సన్నగా కరెంటు తోస్తూనే ఉంటుంది. లిథియం సెల్‌కు 3.6 వోల్టుల దగ్గర ఆపాలి. కనెక్టర్ సరిపోయింది కదా అని నికెల్ యూనిట్‌లో లిథియం ప్యాక్ పెడితే అగ్నిప్రమాదం నుంచి కాపాడాల్సిన పెట్టే నిప్పుకు కారణమవుతుంది.

ప్రశ్న: కొత్త భవనంలో ఇన్సులేషన్ చూద్దామని సర్క్యూట్లకు మెగ్గర్ వేశాం. తరవాత 20 యూనిట్లలో తొమ్మిది ఎర్రగా ఉన్నాయి, రెండు అసలు పలకడం లేదు. బ్యాచ్ లోపమా?
- ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మెగ్గర్ లోపం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వేసిన 500 వోల్టుల డీసీ సన్నని ఎలక్ట్రానిక్స్‌ను కొట్టేసి ఉంటుంది. యూనిట్లన్నీ విప్పిన తరవాతే ఆ పరీక్ష చేయాలి, లేదా ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి ఎర్త్‌కు కొలవాలి. పలకనివాటి బోర్డులు మార్చక తప్పదు.

ఎర్రగా ఉన్న తొమ్మిదింటినీ అప్పుడే పారేయకండి. భవనం పనులు జరుగుతుండగా బ్యాటరీ కనెక్టర్లు పెట్టేసి ఉంచారా? పగలు తాత్కాలిక కరెంటు, రాత్రి ఆపేయడం, ఇలా రెండు నెలలు నడిస్తే కొత్త బ్యాటరీ కూడా చెడుతుంది. శాశ్వత కనెక్షన్ వచ్చేదాకా కనెక్టర్ ఊడదీసి ఉంచాలి. ఇప్పుడు 24 గంటలు చార్జింగ్ పెట్టి మళ్లీ పరీక్షించి చూడండి.

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీలో గదుల లోపల పెట్టిన యూనిట్లే ఎర్రగా కొట్టుకుంటున్నాయి, బయటివి బాగున్నాయి.
- గుంటూరు

జవాబు: మామూలు యూనిట్లు 0 లేదా 5 డిగ్రీల నుంచి 50 దాకా పనిచేసేలా చేస్తారు. మిర్చి గదులు ఆ కింది అంచు దగ్గరే ఉంటాయి. చలిలో నికెల్ సెల్ చార్జింగ్ సరిగా తీసుకోదు, ఇచ్చేదీ తగ్గిపోతుంది, అందుకే వ్యవధి పరీక్షలో ఓడిపోతుంది. సున్నా కిందికి వెళ్తే లిథియం సెల్‌ను చార్జ్ చేయనే కూడదు. బ్యాటరీ, చార్జర్ బయటి వరండాలో ఉండి లైటు తల మాత్రమే గదిలో ఉండే మోడల్ తీసుకోండి. మధ్య వైరు ఎంత పొడవుండొచ్చో కంపెనీ చెప్పినదాన్ని దాటకండి. దాటితే వైరులోనే వోల్టేజీ పడిపోయి ఎల్‌ఈడీ లోపం చూపుతుంది.

తేమ సంగతి ఇంతకంటే ముఖ్యం. తలుపు తెరిచినప్పుడల్లా బయటి వేడిగాలి పైపుల గుండా యూనిట్‌లోకి దూరి నీరవుతుంది. వైరు లోపలికి దూరే గ్లాండు కింది వైపున ఉండాలి, పైపు నోట్లో సీలెంట్ కుక్కాలి, దుమ్మూ నీటి జల్లూ దూరని ఐపీ 65 పెట్టె కావాలి. అమ్మోనియాతో నడిచే స్టోరేజీ అయితే కనెక్టర్ పిన్నుల మీద నీలి ఆకుపచ్చ పొక్కు కట్టిందేమో చూడండి. అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. అలా కనిపిస్తే లైటు కంటే ముందు గ్యాసు ఎక్కడ లీకవుతోందో వెతికించండి.

ప్రశ్న: మా హాస్టల్లో అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. రిజిస్టర్ కూడా కావాలా? కంప్యూటర్‌కు కలిపేవి వచ్చాయట, తీసుకోవాలా?
- వార్డెన్, అమరావతి రోడ్డు, గుంటూరు

జవాబు: రిజిస్టర్ కావాలి. యూనిట్ పరీక్షించేది తనను మాత్రమే. గ్లాసు మీద దుమ్ము పేరుకుందా, ఎవరైనా బీరువా అడ్డం పెట్టారా, ఎగ్జిట్ బాణం తాళం వేసిన తలుపు వైపు చూపుతోందా, ఇవి దానికి తెలియవు. నేల మీద దారి మధ్యగీత వెంట 10 లక్స్ వెలుతురు ఉండాలని జాతీయ భవన నియమావళి అంటుంది, అదీ యూనిట్ కొలవదు. పూర్తి పరీక్ష నడిచే రాత్రి లక్స్ మీటర్‌తో చివర్లో కొలవండి, మొదట్లో కాదు.

నెలకోసారి ఒక మనిషి ప్రతి యూనిట్ కిందికీ వెళ్లి రంగు చూసి రాయాలి: యూనిట్ నంబరు, తేదీ, దీపం రంగు, లోపముంటే ఏం చేశారు, ఎప్పుడు బాగైంది. యూనిట్లకు పెయింటుతో నంబర్లు వేస్తేనే ఇది సాగుతుంది. ముప్పై, నలభై యూనిట్లున్న హాస్టల్‌కు ఇది చాలు. డాలీ (లైట్లకు సంకేతాలు పంపే వైరింగ్ పద్ధతి) లైను మీద కంప్యూటర్‌కు కలిపితే ఒక లైనుకు 64 దాకా వస్తాయి, ఫలితాలు తమంతట తామే నమోదవుతాయి. వందలకొద్దీ యూనిట్లున్న ఆసుపత్రికో మాల్‌కో అది దండగ కాదు. మీకు అనవసరం.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సెల్లార్ యూనిట్లు మునిగాయి. ఎండబెట్టి పెట్టాం, కొన్ని ఆకుపచ్చగానే వెలుగుతున్నాయి. వాడుకోవచ్చా?
- సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వద్దు. బురదనీటి ఉప్పు బోర్డు మీద పొరలా ఉండిపోతుంది, వానాకాలం గాలి తేమకు మళ్లీ తడిసి లీకేజీ మొదలవుతుంది. ఆకుపచ్చ దీపం ఆ లీకేజీని చూడదు. బ్యాటరీతో సహా తీసేసి, పాత ప్యాక్‌లను చెత్తబండిలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. కాడ్మియం విషం. కొత్తవి పెట్టేటప్పుడు సెల్లార్‌లో నీళ్లు వచ్చిన గుర్తు గోడ మీద ఉంటుంది కదా, దానికి పైన బిగించండి. ఆ సర్క్యూట్‌కు లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఇదే అదనుగా వేయించండి.